జింక ఏమన్నదో నాకింకా తెల్వదు

మా నాయినమ్మకు సదువు రాదు. అచ్చరం ముక్క రాదు, సంతకం కాడ ఏలిముద్రే. కానీ కిరాణ దుకాణంల ఆమెను ఎవ్వలూ మోసం చెయ్యలేకపోయేది, ఎందుకంటే ప్రతి సామాను మీద ఉన్న జంతువు మొఖం ఆమెకు యాదికుండేది. పండ్లపొడి అంటే కోతిది, అగ్గిపెట్టె అంటే గుర్రం తలకాయది, తెల్ల బట్టలకేసే నీలి అంటే పిట్టది. సేటు పొరపాటున వేరేది ఇస్తే చేతిల పట్టుకొని రెండు దిక్కుల తిప్పి చూసి "గీ కోతి మా కోతి కాదు, దాని తోక గిట్ల లేకుండె" అని మళ్ల కౌంటర్ మీద పెట్టేది. సేటు గూడ ఏమనకపోయేది, నిజంగనే అది వేరే కంపెనీదే అయి ఉండేది.

ఈ మధ్య పాత అడ్వర్టైజ్‌మెంట్లల్ల మాట్లాడే జంతువుల బొమ్మల ఎంబడి పడ్డ, రాత్రి పన్నెండు దాక కూసొని అవే చూస్తున్న, ఫోన్ల సేవ్ చేసుకున్నయే రెండు వందలు దాటినయి, ఆవులు, పులులు, చేపలు, ఒంటెలు, అన్నిటి నోటి నుంచి ఏదో ఒక మాట వస్తుంటది. అవి చూసినప్పుడల్లా నాకు మాత్రం మెట్‌పల్లి దగ్గర మా ఊర్ల నాయినమ్మ అరుగు యాదికొస్తది. అందుకే ఇది రాస్తున్న.

మా దిక్కు ఆడోళ్ళకు బీడీలే బతుకుదెరువు అని చాలా మందికి తెల్సే ఉంటది. మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, అటు నిజామాబాద్ దాక ఏ వాడకు పోయినా మధ్యాహ్నం పూట అరుగుల మీద చాటలు ఒడిల పెట్టుకొని నలుగురైదుగురు కూసొని ఉండేటోళ్ళు. తునికాకు ముందు రోజు రాత్రే తడిపి గోనెసంచిల చుట్టి పెట్టాలె, పొద్దుగాల దాన్ని రేకుముక్క మీద పెట్టి దాని సైజుకు కత్తెరతోని కత్తిరించాలె, తంబాకు పోసి చుట్టి దారం కట్టి మూతి నొక్కి మూసెయ్యాలె. నాయినమ్మ వేళ్ళు అవంతట అవే పోయేటియి, ఆమె కండ్లు నా మీద ఉండేటియి. ఇరవై అయిదు బీడీలకు ఒక కట్ట. లేబుల్ మాత్రం ఇంటికాడ వెయ్యరు, అది కార్ఖానల ప్యాకింగ్ కాడ. కానీ అక్కడ రంగులు చెదిరిన లేబుళ్ళు పక్కకు పడేస్తరు గదా, ఆకు, తంబాకు ఇచ్చి చుట్టిన బీడీలు తీసుకపోయే టేకేదారు దగ్గర నుంచి నాయినమ్మ అవి అడిగి తెచ్చేది నా కోసం. పిడికెడు పిడికెడు తెచ్చేది. నెమలివి, ఏనుగువి, పులివి, జింకవి. నా మొదటి బొమ్మల పుస్తకం అవే. బడిల వాచకం చేతికి రాకముందే వచ్చినయి.

వాటిల జింక లేబుల్ నాకు ప్రాణం. పసుపు రంగు మీద ముందు కాలు ఒకటి ఎత్తి, మెడ వెనక్కి తిప్పి చూస్తుండేది. చుట్టూ పచ్చటి అంచు. నోరు జరంత తెరిచి ఉండేది, ఆ నోటి పక్కకు, అంటే నోటి లోపల కాదు, సరిగ్గ బయటికి, ఎర్రటి చుక్క ఒకటి ఉండేది. నేను అది ఏందే నాయినమ్మా అని అడిగిన. "నాలుకె బిడ్డా, మాట్లాడ్తున్నది గదా" అన్నది.

పెద్దగయినంక తెలిసింది అది ఎట్ల జరుగుతదో. పాత పద్ధతిల రంగు రంగుకు వేరే అచ్చు. నాలుగు రంగుల బొమ్మ కావాలంటే అదే కాగితం నాలుగు సార్లు మెషిన్ల పడాలె, ప్రతిసారి వెంట్రుక వాసి తేడా లేకుండ అదే చోట పడాలె. కాగితం జరంత జరిగిందంటే ఎరుపు తన జాగల పడదు, పక్కకు పోతది. ప్రెస్ వాళ్ళు రిజిస్టర్ తప్పింది అంటరు. అట్ల తప్పినయే పక్కకు పడేసిండ్రు, అట్ల తప్పినయే నా చేతికి వచ్చినయి. కార్ఖాన కట్టల మీదికి పోయిన మంచి లేబుళ్ళల్ల జింక నాలుక నోట్లనే ఉండి ఉంటది. నా దగ్గరున్నదే మాట్లాడింది.

ఈ పాత పద్ధతికి మూలం రాయి మీద బొమ్మ గీసి అచ్చేసే లిథోగ్రఫీ, దాన్ని జర్మనీల అలాయిస్ సెనెఫెల్డర్ 1796ల కనిపెట్టిండు. వందేండ్ల లోపల అది రంగుల్లకు మారి, చౌకయి, ప్రపంచమంతట సరుకు మీద బొమ్మ ఎక్కించింది. ఇంగ్లండ్‌ల మాంచెస్టర్ నుంచి మన దేశానికి వచ్చే బట్ట తానుల మీద గూడ రంగుల టికెట్లు అతికేసి పంపేటోళ్ళు, వాటి మీద ఏనుగులు, పులులు, దేవుళ్ళు. మన దిక్కు వచ్చేసరికి శివకాశి. అయ్య నాడార్, షణ్ముగ నాడార్ అని ఇద్దరు 1922ల కలకత్తా పోయి అగ్గిపెట్టెల పని నేర్చుకొని వచ్చి ఊర్ల మొదలుపెట్టిండ్రు. అగ్గిపెట్టెలకు లేబుళ్ళు కావాలె గదా, అట్ల అచ్చు ప్రెస్సులు గూడ అక్కడే మొలిచినయి. మనం చిన్నప్పుడు ఏరుకున్న అగ్గిపెట్టె బొమ్మలల్ల ఎన్నెన్నో ఆ ఊరియే.

ఎందుకు జంతువులే అని ఆలోచిస్తే, 1951 జనాభా లెక్కలల్ల దేశం మొత్తం మీద సదువొచ్చినోళ్ళు 100కు 18 మందే, ఆడోళ్ళల అయితే 100కు తొమ్మిది మంది గూడ లేరు. పైగా మన తెలంగాణల ఇంకో తిప్పలు ఉండె, నిజాం కాలంల సర్కారు భాష ఉర్దూ, కాబట్టి తెలుగు సదువుకున్నోనికి గూడ డబ్బా మీది ఉర్దూ అర్థం కాకపోయేది, ఉర్దూ వచ్చినోనికి ఇంగ్లీషు రాకపోయేది. జింకకు ఆ బాధ లేదు. జింకను చూస్తే తురకోళ్ళకూ తెలుగోళ్ళకూ మార్వాడీ సేటుకూ జింకే. అసలు మనకిది కొత్త గూడ కాదు, కాకతీయుల రాజముద్ర మీద ఉన్నది వరాహమే, పంది బొమ్మ. బంగారు నాణెం మీద వరాహం ఉంటే ఆ పైసకే వరహా అని పేరు పడ్డది, జంతువు పేరే డబ్బు పేరయింది. నాయినమ్మ "గుర్రపుది ఇయ్యి సేటూ" అన్నదాంట్ల ఉన్నది గూడ అదే.

కోర్టులు గూడ ఈ చూపును లెక్కల పెట్టినయి. 1962ల సుప్రీంకోర్టు అమృతధార, లక్ష్మణధార అనే రెండు మందుల పేర్ల తగాదాల తీర్పు ఇస్తూ, సరుకు గుర్తులు ఒకదాన్ని పోలి ఒకటి ఉన్నయా లేదా అనేది మామూలు తెలివి ఉండి, పూర్తిగ యాదికి లేని కొనేటోని కండ్లతోని చూడాలె అన్నది, పల్లెటూరోళ్ళు, సదువు రానోళ్ళు గూడ కొంటరు గదా అని. అది చదివినప్పుడు నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. కాకపోతే ఒక్క మాట, మా నాయినమ్మ యాది పూర్తిదే. తోక వంకర గూడ తప్పకపోయేది.

మన బొమ్మలు నోరు తెరవకుండనే పేరు చెప్పినయి. అమెరికాల, యూరప్‌ల మాత్రం నిజంగనే మాట్లాడించిండ్రు. నాకు అన్నిట్లకన్న ఇష్టమైనది ఎల్సీ అనే ఆవు. బోర్డెన్ అనే పాల కంపెనీ 1936ల డాక్టర్ల పత్రికలల్ల కార్టూన్ ఆవులతోని యాడ్స్ ఇచ్చింది, ఆవులు ఒకదానితోని ఒకటి ముచ్చట పెట్టుకుంటుంటయి, వాటిల ఒకటి ఎల్సీ. మెడల పూలదండ ఉంటది, మన ఆదిలాబాద్ దిక్కు పొలాల అమావాస్యకు ఎద్దులను సింగారించినట్టు అనిపిస్తది నాకు. జనానికి ఎంత నచ్చిందంటే 1939ల న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌ల ఆ కంపెనీ మెషిన్‌తోని పాలు పిండుడు చూపిస్తుంటే, వచ్చినోళ్ళు మెషిన్ సంగతి పక్కన పెట్టి వీటిల ఎల్సీ ఏది, ఎల్సీ ఏది అని అడుగుడు మొదలుపెట్టిండ్రు. బొమ్మకు ప్రాణం ఉన్నదనే అనుకున్నరు. కంపెనీ వాళ్ళు ఏం జెయ్యాలె, ఉన్న మందల నుంచి ఒక మంచి జెర్సీ ఆవును ఏరి ఇదే ఎల్సీ అన్నరు. తర్వాత ఎల్సీకి ఎల్మర్ అని మొగడు గూడ వచ్చిండు, ఆ ఎద్దు మొఖమే 1951 నుంచి అక్కడ బంక డబ్బా మీద ఉన్నది, ఇప్పటికీ పిల్లలు బడికి కొంటపోయే బంక మీద అదే ఎద్దు.

ఫ్రాన్స్‌ల నవ్వే ఆవు ఉన్నది, జున్ను డబ్బా మీద. మొదటి ప్రపంచ యుద్ధంల సైన్యానికి మాంసం మోసే బండ్ల మీద బెంజమిన్ రాబియే అనే ఆర్టిస్ట్ నవ్వే ఆవును గీసిండు, ఆ దళంల పనిచేసిన లియాన్ బెల్ తర్వాత 1921ల తన జున్నుకు అదే పేరు పెట్టుకున్నడు. ఆ ఆవు చెవులకు కమ్మలుంటయి, ఆ కమ్మలు ఏందో తెల్సా, అదే జున్ను డబ్బాలు, ఆ డబ్బాల మీద మళ్ల అదే ఆవు, దాని చెవులకు మళ్ల కమ్మలు. నాయినమ్మకు ఇది చూపించి ఉంటే ఎంతసేపు చూసేదో. ఇంగ్లండ్‌ల జాన్ గిల్‌రాయ్ 1935ల గిన్నిస్ బీరు కోసం గీసిన టూకాన్ పిట్ట, అమెరికాల 1952ల వచ్చిన కెల్లాగ్స్ టోనీ పులి, ఇవి అందరికీ తెల్సినయే, బొమ్మలు చాలా మంచిగుంటయి గానీ వాటి గురించి నాకు ఎక్కువ చెప్పాలనిపించదు.

హిజ్ మాస్టర్స్ వాయిస్ రికార్డుల మీది కుక్క గురించి మాత్రం చెప్పాలె. మా మేనమామ దగ్గర రెండు మూడు పాత రికార్డులు ఉండె, నాయినమ్మ వాటిని కుక్క రికార్డులు అనేది, ఆ కుక్కే పాడ్తదని చానా రోజులు అనుకున్నది. ఆ కుక్క పేరు నిప్పర్, నిజమైన కుక్కే, 1884ల పుట్టి 1895ల సచ్చిపోయింది. ఫ్రాన్సిస్ బారో అనే పెయింటర్ దాన్ని ముందు వేరే మెషిన్ ముంగట కూసొని వింటున్నట్టు గీసిండు, తర్వాత గ్రామఫోన్ కంపెనీ మా మెషిన్ పెడితే కొంటం అంటే 1899ల పాత మెషిన్ మీద కొత్త మెషిన్ పెయింట్ చేసిండు. లోకంల ఇన్ని జంతువులు మాట్లాడి సరుకు అమ్మితే ఇది ఒక్కటే ఊకె చెవి పెట్టి వినుకుంట అమ్మింది. అది ఇంటున్నది సొంతోని గొంతు. ఆ తల వంచుడు చూస్తే ఎవ్వలకైనా గుండె కరుగుతది.

ఇగ ఇప్పుడు నన్ను సతాయిస్తున్న సంగతి. జో క్యామెల్ అని సిగరెట్ యాడ్స్‌ల ఒక ఒంటె కార్టూన్ ఉండె, అమెరికాల 1988 నుంచి నల్ల కండ్లద్దాలు పెట్టుకొని తిరిగింది. 1991ల అక్కడ డాక్టర్ల పత్రికల ఒక స్టడీ అచ్చయింది, ఆరేండ్ల పిల్లలకు బొమ్మలు చూపించి ఇది దేనిది అని అడిగితే 100కు 91 మంది ఆ ఒంటెను సిగరెట్‌తోని కలిపిండ్రు, మిక్కీ మౌస్‌ను గుర్తుపట్టినంత ఈజీగ. గొడవలు, కేసులు అయి 1997ల ఆ ఒంటెను తీసేసిండ్రు.

1991ల నాకు గూడ ఆరేండ్లే. నన్ను ఎవ్వలన్న అడిగి ఉంటే నేను గూడ జింకను చూపెట్టి ఏ బీడీనో చెప్పేదాన్ని, నెమలిని చూపెట్టి ఏ బీడీనో చెప్పేదాన్ని, ఒక్కటి గూడ తప్పకపోయేదాన్ని. నాయినమ్మ బీడీ తాగలేదు, జన్మల ఒక్కటి నోట్ల పెట్టలేదు, కానీ ఆ తంబాకు దుమ్ము పీల్చి పీల్చి చివరి నాలుగేండ్లు దగ్గుతోనే పోయింది. రాత్రి దగ్గు ఆగకపోతే గోడకు ఒరిగి కూసునేది. ఆ దగ్గు, ఆ జింక రెండూ ఒకే అరుగు మీదివి. ఇప్పుడు బీడీ కట్టల మీద 2009 నుంచి హెచ్చరిక బొమ్మలు వస్తున్నయి, 2016 నుంచి అయితే అవే కట్టలో ఎక్కువ జాగ తీసుకోవాలె అని రూల్, జింకకూ నెమలికీ మూలకు బొటనవేలంత జాగ మిగిలింది. అది మంచిదే. నేను మనస్ఫూర్తిగ అంటున్న, మంచిదే. అయినా నాకు ఆ జింక మీద ప్రేమ పోలేదు, రెండూ ఒకేసారి నిజం, అట్లనే ఉండనీ.

పోయిన చలికాలం హన్మకొండ నుంచి కాజీపేట పోయే రోడ్డు మీద ఒక చికెన్ సెంటర్ షట్టర్ మీద పెయింటర్ కాక ఒకాయన కోడిపుంజును వేస్తుంటే ఆగిన. అరవై దాటినయి ఆయనకు. ఫ్లెక్సీలు వచ్చినంక బోర్డుల పని మొత్తం పోయిందట, షట్టర్ మీద ఫ్లెక్సీ నిలవదు, చుట్టుకుంటది గదా, అందుకే షట్టర్లు మాత్రం ఇంకా దొరుకుతున్నయి అన్నడు. పుంజుకు తెల్ల టోపీ, వంటోళ్ళు పెట్టుకునే పొడుగుది. ఒక రెక్కల గంటె. ఇంకో రెక్క దుకాణం దిక్కు చూపెడ్తున్నది. కన్ను ఒక్కటి మిగిలింది. ముందు పసుపు గుండ్రం వేసిండు, నడుమ నలుపు, అది జర ఆరేదాక బీడీ... కాదు, చాయ్ తాగుకుంట కూసున్నడు, నేను గూడ కూసున్న. తర్వాత కుంచె వెనక కొస, వెంట్రుకలు లేని దిక్కు, తెల్ల పెయింట్ల ముంచి నలుపు మీద కుడి పక్కకు పైన ఒక చుక్క పెట్టిండు. ఒక్కటే చుక్క. షట్టర్ మొత్తం మారిపోయింది. అప్పటిదాక రంగు, ఆ తర్వాత పుంజు, నన్నే చూస్తున్నది. "ఇగ మాట్లాడ్తది" అన్నడు కాక. గుడిల విగ్రహానికి కండ్లు తెరిపిచ్చుడు ఆఖరికి ఎందుకు చేస్తరో నాకు అక్కడ అర్థమయింది.

తర్వాత నోటి పక్కకు తెల్ల బుడగ గీసి దాంట్ల "రండి రండి" అని రాసిండు, ఓనర్ చెప్పిందట. కాకా, అది తన కూరకు తనే పిలుస్తున్నట్టు వేస్తే నీకేం అనిపియ్యదా అని అడిగిన. చాలాసేపు కుంచె గుడ్డతోని తుడుసుకుంట ఉన్నడు. "ఏడుపు మొఖం ఏస్తే ఎవ్వడొస్తడు బిడ్డా" అన్నడు.

ఆయన తప్పు కాదు, ఆయన చేతిపని నాకు ఎంతో నచ్చింది గూడ. కానీ మాట్లాడే జంతువుల బొమ్మలల్ల నాకు మింగుడు పడనిది ఇదొక్కటే. అమెరికాల 1961 నుంచి చార్లీ అనే ట్యూనా చేప ఉన్నది, దాన్ని పట్టి డబ్బాల పెట్టుమని కంపెనీ ఎంబడి పడ్తుంటది పాపం, కంపెనీ వద్దంటది. ఎల్సీ పాలు అమ్మితే అది ఆవు ఇచ్చేదే, మాట్లాడనీ. జింక బీడీలు అమ్మితే జింకకు దాంతోని సంబంధమే లేదు, పేరు కోసం నిలబడ్డది. కానీ కోయబోయేదాని నోట్ల రండి రండి అని పెట్టుడు, అది మాత్రం అన్యాయమే అంటా నేను. నేను చికెన్ తింట. తింట కాబట్టే ఆ మాట కోడి నోటి నుంచి రాకపోతే బాగుండు అనిపిస్తది, ఓనర్ తన ఫోటో పెట్టుకొని రండి అంటే సరిపోతది.

చేర్యాల పటాల సంగతి ఇక్కడ యాదికొస్తది. ఎర్రటి నేల మీద మనుషులు, జంతువులు, దేవుళ్ళు వరుసగ ఉంటరు, పటం గోడకు వేలాడదీస్తే అది ఊకె బొమ్మే. కథ చెప్పేటాయన పక్కన నిలబడి ఒక్కొక్క గడి చూపెట్టుకుంట పాడితేనే దానికి గొంతు వస్తది, ఏ ఊర్ల ఏ కులపోళ్ళ ముంగట చెప్తున్నడో దాన్నిబట్టి కథ నడుస్తది. నాయినమ్మ చేసింది గదే. నెమలి వానొస్తది బట్టలు తియ్యుమన్నది, ఏనుగు నాకు ఇంకో ముద్ద తినుమన్నది, పులి బడికి పోకపోతే ఊకోను అన్నది. జింక మాత్రం రోజుకొక మాట అనేది. ఒకరోజు నీ పలక పగిలిందా అనేది, ఒకరోజు మీ అమ్మ ఎప్పుడొస్తదట అనేది. మా అమ్మ అప్పుడు నౌకరి మీద వేరే ఊర్ల ఉండె, ఆ మాట జింకే అడగాలె, నేను జింకకే జవాబు చెప్పాలె.

ఆ లేబుళ్ళు అన్నీ ఒక తగరం డబ్బాల ఉండె. నేను వరంగల్‌ల హాస్టల్‌ల ఉన్నప్పుడు ఊర్ల పాత ఇల్లు కూలగొట్టి కొత్తది కట్టిండ్రు, పాత ఇనుప సామాన్ల బండి వచ్చినప్పుడు డబ్బా గూడ పోయింది, మూత తీసి గూడ చూడలేదట. ఎవ్వలనూ ఏమనలేదు నేను, వాళ్ళకు అది తుప్పు పట్టిన డబ్బానే.

అందుకే ఒక్కటి అడుగుతున్న. మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, కామారెడ్డి, నిజామాబాద్ దిక్కు ఎవ్వలింట్ల అయినా పాత బీడీ లేబుళ్ళు ఉంటే, మీ అవ్వల సందుగల అడుగున, దేవుని ఫోటోల ఎనుక, పాత పుస్తకాల నడుమ, ఇంటికి సున్నాలేసే ముందు ఒక్కసారి చూడుండ్రి. పసుపు మీద వెనక్కి తిరిగి చూసే జింక, పచ్చటి అంచు, ఎడమ ముందు కాలు ఎత్తి ఉంటది. దొరికితే ఫోన్‌తోనే ఒక ఫోటో తీసి పంపుండ్రి, రంగు చెదిరినా చెదరకపోయినా సరే. జింక కాళ్ళ కింద సన్నటి అచ్చరాలల్ల ఉర్దూ లైన్ ఒకటి ఉండె, నాయినమ్మకూ రాకపోయేది, నాకూ రాకపోయేది, ఇప్పటిదాక అది ఏందో తెల్వదు. ఉర్దూ వచ్చిన దోస్తులు ఉన్నరు, చదివించుకుంట.